బోదకాలు పుండ్లు: కోనసీమలో రోగుల జీవన నాణ్యత

బోదకాలు పుండ్లు ఫైలేరియాతో వాచిన కాలి మీద పుట్టి నెలల తరబడి మానకుండా ఉండే పుండ్లు. గోదావరి డెల్టాలో ఈ వ్యాధి పాతదే. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది ఆ డెల్టా కొసన, కోనసీమలోని సఖినేటిపల్లి మండలంలో ఉంది.

మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఉచెరేరియా బాంక్రాఫ్టై పురుగును మోసుకొస్తుంది. పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి కాపురం చేయడంతో నాళాలు చెడి కాలు వాస్తుంది. అయితే మనిషిని మంచాన పడేసేది ఎక్కువగా వేళ్ల సందుల్లోంచి దూరే బాక్టీరియా. గజ్జల్లో బిళ్ల కట్టి, చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రబడి సలుపుతుంది. జ్వరం వచ్చి పోయిన ప్రతిసారీ వాపు ఇంకాస్త మిగులుతుంది. చర్మం దళసరెక్కి పగిలి, రసి కారి పుండవుతుంది. మధుమేహం తోడైతే మానడం మరీ ఆలస్యం.

ఊడ్పుల్లో, చేపల రేవులో, రొయ్యల చెరువుల్లో కాళ్లు నానితే వేళ్ల సందులు ఒరుస్తాయి. పని మానేస్తే కూలి పోతుంది, చేస్తే పుండు ముదురుతుంది. నొప్పిని ఓర్చుకున్నవారు కూడా వాసనకు లొంగిపోతారు: పెళ్లి బంతిలో కూర్చోరు, గోదావరి దాటించే నర్సాపురం పంటు మీద నలుగురి పక్కన నిలబడటానికి జంకుతారు. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి రథోత్సవానికి చెప్పుల్లేకుండా ఇసుకలో నడవడం, సంగమ స్నానం భక్తులకు సంబరమే కానీ పగిలిన పాదానికి కావు.

ఉపశమనం ఖరీదైనదేమీ కాదు. రోజూ సబ్బుతో, శుభ్రమైన నీటితో కాలు కడిగి, వేళ్ల సందులు మెత్తని గుడ్డతో తడి లేకుండా అద్ది, అక్కడ శిలీంద్రం పడితే మందు రాయాలి. పడుకున్నప్పుడు కాలు ఎత్తులో ఉంచాలి, వదులు చెప్పులు తొడగాలి. ఇంతమాత్రానికే జ్వరాలు బాగా తగ్గుతాయి. వంగి పాదం అందుకోలేని వృద్ధులకు ఇంట్లో మరొకరి చెయ్యి కావాలి. సలహాలిచ్చేవారు తరచూ మరిచేది ఇదే.

జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. రాజమహేంద్రవరంలో ఫైలేరియా పరిశోధన, శిక్షణ కేంద్రం వెలిసింది. 2004లో ఊరూరా ఫైలేరియా మాత్రలు పంచడం మొదలుపెట్టారు. అవి వ్యాప్తిని ఆపుతాయే తప్ప పాత కాలును సన్నబరచవు, పుండును మాన్పవు.

రాష్ట్ర ప్రభుత్వం 2024లో బోదకాలు పింఛన్ను నెలకు రూ. 5,000 నుంచి రూ. 10,000కు పెంచింది. రెండు కాళ్లూ నాలుగో దశకు చేరినవారికే అది వర్తిస్తుంది. ఒకే కాలికి రసికారే పుండున్నవారు ఆ కొలతలో ఇమడరు. వారు వైకల్య ధ్రువపత్రం సంపాదించి దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవాలి.