రౌతు నుంచి సేనాపతి వరకు

గోదావరి ఒక్కటే అయినా, దాని సీమలు మాత్రం 1766లో విడిపోయాయి. డెల్టాతో కూడిన ఉత్తర సర్కారులు ఆ యేటి ఒడంబడికతో ఇంగ్లీషు కుంపిణీ వశమైనాయి. ఎగువ సీమ నిజాము ఏలుబడిలోనే నిలిచింది.

ఆ నిజాము రాజ్యపు తుది సేనాపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్. అరబ్బు వంశీయుడైన ఆయన మొదటి ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదు లాన్సర్లలో, అనగా బల్లెములు ధరించిన అశ్వదళంలో, పనిచేశారు. మైసూరు, జోధపూరు రౌతులతో కలిసి ఆ దళం సూయజ్ కాలువను కాపాడి, పాలస్తీనాలో తురుష్కులతో పోరాడింది.

రెండవ ప్రపంచ యుద్ధంలోనూ ఎద్రూస్ సైనికవృత్తిలోనే ఉన్నారు. అప్పటికి గుర్రం స్థానాన్ని ఉక్కుశకటం ఆక్రమించింది. పూర్వం మదరాసు అశ్వసైన్యానికి చెందిన 16వ లైట్ కావల్రీని, ఆ యుద్ధంలో బర్మా రంగాన నడిపినవారు జె. ఎన్. చౌధురి.

అశ్వదళ సంప్రదాయంలో పెరిగిన ఈ ఇరువురు 1948లో ఎదురెదురు పక్షాల నిలవవలసి వచ్చింది. సెప్టెంబరు 13న భారతసేన షోలాపురం, బెజవాడల వైపు నుంచి హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. బలాబలాలకు సాటిలేదు. 17న నిజాము యుద్ధవిరమణను రేడియోలో ప్రకటించారు. 18న ఎద్రూస్ తన సేనతో చౌధురికి లొంగిపోయారు.

అటుపై జిల్లాలలో హింస చెలరేగి ఎందరినో బలిగొన్నది. రాజధాని వీధులలో మాత్రం సేనల మధ్య పోరు జరుగలేదు. కత్తి దూయుటకు ధైర్యం కావాలి. దూసిన కత్తిని సమయమెరిగి దించుటకు అంతకు మించిన నిబ్బరం కావాలి. రెండు మహాయుద్ధాలు చూచిన ఆ రౌతుకు దక్కిన చివరి కర్తవ్యం అదే.