ఆరుబయలే పాఠశాల

బాలునికి పుస్తకంతోపాటు ఆరుబయలు కూడా అవసరమన్న భావం మన ఉత్తరాంధ్రకు కొత్తది కాదు. వీరఘట్టంలో జన్మించి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తినాయుడుగారు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయులైనారు. కలియుగ భీముడన్న కీర్తి ఆ తరువాతి మాట. ఈ భావాన్నే ఒక స్వచ్ఛంద సంస్థగా తీర్చిదిద్దినది స్కౌటు ఉద్యమం.

1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో బేడెన్ పవెల్ అనే సైనికాధికారి సుమారు ఇరవైమంది బాలురతో డేరాలు వేయించినాడు. కలవారి బిడ్డలను, పనివారి బిడ్డలను కలిపి దళాలుగా చేసి, ప్రతి దళానికీ ఒక బాలుణ్ణే నాయకునిగా నిలిపినాడు. ముడులు వేయడం, నిప్పు రాజేసి వండుకోవడం, అడుగుజాడలు గుర్తించడం, ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడం అక్కడి పాఠాలు.

1909లో ఈ ఉద్యమం బెంగుళూరు చేరినది. అయితే మన నేలపై సాగిన ఆ శిక్షణలో మన బిడ్డలకే చోటు లేకపోయినది. ఆంగ్లేయుల, ఆంగ్లో ఇండియనుల పిల్లలకే అందులో ప్రవేశం. ఈ వివక్షను సహింపక, 1916–17 ప్రాంతంలో అనీబిసెంటు, అరండేల్ గార్లు మద్రాసు కేంద్రంగా భారతీయ బాలురకు వేరొక సంఘం నెలకొల్పినారు. టోపీ స్థానంలో తలపాగా వచ్చినది. 1918లో మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ వాజపేయి గార్లు సేవాసమితి స్కౌటు సంఘాన్ని స్థాపించినారు.

1921లో బేడెన్ పవెల్ భారతదేశానికి వచ్చినప్పుడు బిసెంటుగారి సంఘం ఆయన సంస్థలో కలిసినది, సేవాసమితి కలియలేదు. 1937లో భారతీయుల శీలాన్ని గురించి ఆయన చేసిన వ్యాఖ్య దేశమంతటా నిరసన రేపినది. మరుసటి సంవత్సరమే హిందూస్థాన్ స్కౌటు సంఘం వెలసినది. సోదరభావం నేర్పవలసిన సంస్థలే ఇట్లు చీలి ఉండడం విచారకరం. స్వాతంత్ర్యానంతరం, 1950 నవంబరు 7న ఇవి ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది. 1951 ఆగస్టు 15న బాలికల గైడు సంఘం కూడా అందులో చేరినది. విశాఖపట్నం నుండి శ్రీకాకుళం వేరు జిల్లా అయినది కూడా 1950లోనే. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడినది.

ఈ విద్య విలువ తుఫానునాడు తెలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వద్ద తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోటలు నేలకూలి, దారులు మూసుకుపోయి, దీపాలు ఆరిపోయినవి. అట్టి వేళ గట్టి ముడి వేయగల చేయి, గాయానికి కట్టు కట్టగల నేర్పు, నీటిని కాచి త్రాగించే జాగ్రత్త ఎన్నో ప్రాణాలను నిలుపగలవు. ‘సిద్ధంగా ఉండు’ అన్న స్కౌటు సూత్రానికి మన తీరంలో ఉన్న అర్థం ఇదే. వంశధార ఒడ్డున, నాగావళి ఇసుకతిన్నెలపై పిల్లలు గడిపే ఒక్క పూటను చదువు చెడిన పూటగా తల్లిదండ్రులు ఎంచరాదు.