దూరస్థుల రచ్చబండ

ఊరిలో రచ్చబండ కట్టుట సులభము. దానిపై మర్యాద నిలుపుట కష్టము. పెద్దలైన మీకు ఈ సంగతి నేను చెప్పవలసిన పని లేదు. ఒకరి మొగ మొకరు చూడని మనుష్యులు కంప్యూటరు మూలమున కట్టుకొన్న రచ్చబండలకును ఇదే చిక్కు వచ్చెను. ఆ చరిత్రమును నేడు మీకు విన్నవింతును.

1978వ సంవత్సరము జనవరి మాసమున అమెరికాలోని చికాగో నగరమును గొప్ప మంచుతుపాను ముంచివేసెను. ఇల్లు కదల వీలులేని ఆ దినములలో వార్డు క్రిస్టెన్సెను, రాండీ స్యూసు అను మిత్రు లిద్దరు ఒక యోచన చేసిరి. వారి కంప్యూటరు సంఘమున పలకపై చీటీలు గ్రుచ్చి సమాచారము తెలుపుకొను వాడుక యుండెను. ఆ పలకనే కంప్యూటరులో నేల పెట్టరాదని తలచి, స్యూసు యంత్రమును కూర్పగా, దానిని నడపు ఆదేశముల వరుసను, అనగా సాఫ్టువేరును, క్రిస్టెన్సెను వ్రాసెను. ఫిబ్రవరి 16వ తేదీన అది పని కారంభించెను. టెలిఫోను తీగ యొకటే. ఒక్కరు వ్రాసి వైదొలగిన పిమ్మటనే మరియొకరికి వంతు వచ్చెడిది. లేఖలను తుడిచివేయు వీలును అందుండెను. యంత్రము స్యూసు ఇంట నుండెను.

ఆ యేడే సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున ‘కమ్యూనిట్రీ’ యను మరియొక బండ వెలసెను. చెట్టుకు కొమ్మలవలె మాటనుండి మాట చీలునట్లు దానిని కల్పించిరి. వాక్స్వాతంత్ర్యమునకు భంగము రాకూడదని, వచ్చు లేఖలను అడ్డగించు సాధనమును అందు పెట్టరైరి. కొన్నియేండ్లకు పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చెను. అల్లరి బాలురు బూతుమాటలతో డిస్కులను నింపివేసిరి. తుదకు ఆ బండ కూలెను. కట్టినవారి సదుద్దేశమునకు కొదువ లేదు. వారి చేతి పనిముట్టే చాలలేదు.

మరి తుడిచివేయు నధికారము ఒక్కని కిచ్చిన చాలునా? ఆ యొక్కడు పక్షపాతి యైనచో సభ యంతయు వాని పెర డగును. 1995లో వార్డు కన్నింగ్‌హాము వేరొక త్రోవ చూపెను. ‘వికీ’ యను నతని సాఫ్టువేరున ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. 2001లో పుట్టిన వికీపీడియా ఈ పద్ధతినే చేపట్టినది. అది ప్రతి మార్పునకు ముందున్న పాఠమును భద్రపరచుచున్నది. దుష్టుడు చెరిపిన పుటను సజ్జనుడు క్షణములో మరల నిలుపగలడు. అచ్చటను పుటలను తొలగించుటకు, దుండగుల నాపుటకు కొందరి కధికారము కలదు. కాని వారి నెన్నుకొనువారు తోడివ్రాతగాండ్రే, వారి చేతలును అందరు చూచు చిట్టా కెక్కును. 2003 డిసెంబరున తెలుగుననుగూడ అట్టి విజ్ఞానసర్వస్వ మారంభమైనది.

సాఫ్టువేరు వ్రాయువాడు, తా నెరిగినను ఎరుగకున్నను, సభానియమములనే వ్రాయుచున్నాడని నా తలంపు. కావున మీ మనుమలు క్రొత్త బండ నేదేని ఎక్కినపుడు, అందు మాటలాడు హక్కెవరిదని యడిగి యూరకుండకుడు. చెడినదానిని దిద్దువా రెవరు, దిద్దినవారి లెక్క చూచువా రెవరు అనియు నడుగుడు.