కాగులలో ఉడికిన రాజ్యములు

క్రీ.పూ. 606లో చూ దేశాధిపతియగు జ్వాంగ్ రాజు, అనాగరిక జాతులపై దండెత్తు నెపమున తన సేనలను జౌ సామ్రాట్టు రాజధాని సరిహద్దున నిలిపి, మర్యాదకై ఎదురువచ్చిన రాజప్రతినిధిని చూచి, మీ యేలికయొద్దనున్న తొమ్మిది కంచుకాగుల బరువెంత యని యడిగెను. పైకి చూడ నది కంచరివాడు అడుగదగిన ప్రశ్న. కాని మాంసమును వండి పితృదేవతలకు నివేదించు ఆ మూడుకాళ్ల కాగులే ప్రాచీన చీనాలో సార్వభౌమత్వమునకు చిహ్నములు. ఎవని యింట నెన్ని కాగులుండవలెనో పదవిని బట్టి నిర్ణయింపబడుచుండెను. కావున కాగుల బరువు నడుగుట సింహాసనమునకు బేరమాడుటయే. మన దేశమున ఛత్రచామరములు రాజలాంఛనములు కాగా, అక్కడ వంటపాత్రకే ఆ గౌరవము దక్కినది. అట్టి చోట గరిటె పట్టినవానికి రాజ్యకాంక్ష కలుగుటలో వింత యేమున్నది?

ఆ కాంక్షకు పురాతనమైన పూర్వాదర్శము కూడ కలదు. షాంగ్ వంశ స్థాపకుడైన తాంగ్ రాజు కడకు ఈ యిన్ అను నొకడు కాగును, మాంసము తరుగు పీటను మోసికొనివచ్చి, రుచుల సమ్మేళనమును వర్ణించు మిషతో రాజనీతిని బోధించి మహామంత్రియయ్యెనని ఐతిహ్యము. ఈ యిన్ సత్పురుషుడు కనుక అతని కథలో హాస్యము లేదు. హాస్యము క్రీ.పూ. ఏడవ శతాబ్దమున, చీ రాజ్యపు పాకశాలలో ఆరంభమైనది.

చీ రాజ్యమును క్రీ.పూ. 685 నుండి 643 వరకు పాలించిన హ్వాన్ ప్రభువు సామాన్యుడు కాడు. గ్వాన్ జోంగ్ వంటి మంత్రి సాహాయ్యమున సామంతులందరికి నాయకుడై, సామ్రాట్టు పేరు మాత్రమే మిగిలియున్న కాలమున సామ్రాజ్యభారమును తాను వహించినవాడు. అతని వంటవాడు ఈ యా. కలిపియిచ్చిన రెండు నదుల నీటిని నాలుకపై వేసికొని, ఇది జి నదిది, ఇది షెంగ్ నదిది యని వేరుచేసి చెప్పగల రసజ్ఞుడని ప్రసిద్ధి. ప్రభువొకనాడు భోజనాంతమున, లోకమునగల రుచులన్నియు చూచితిని గాని శిశుమాంస మొక్కటి ఎరుగనని పరిహాసముగ అనెనట. రాజుల పరిహాసములను పరిహాసములుగనే విడిచిపెట్టు సేవకులు అదృష్టవంతుల కొలువులలో నుందురు. ఈ యా ఇంటికి పోయి, తన కుమారునే వండి తెచ్చి వడ్డించెను. ఈ కథను హాన్ ఫెయ్ మొదలగు నీతికారులు చెప్పిరి; నీతికారులకు బీభత్సమన్న కొంత మక్కువ యుండుట కలదు గనుక, ఎంతవరకు నమ్మవలెనో చదువరుల యిష్టము.

మరణశయ్యపైనున్న గ్వాన్ జోంగ్ మాత్రము నమ్మెనట. తన యనంతరము మంత్రిపదవి కెవ్వరు తగుదురని ప్రభువు ఈ యా పేరెత్తగా, కన్నకొడుకును ప్రేమింపనివాడు యజమానుని ప్రేమించునా యని తిరస్కరించి, అతనిని, అంతఃపురోద్యోగమునకై తన్ను తాను నపుంసకునిగ చేసికొన్న షూ ద్యావ్‌ను, తల్లిదండ్రులను విడిచివచ్చి వారి మొగము చూడని వెయ్ రాజకుమారుడు కైఫాంగ్‌ను దూరముంచవలసినదని హెచ్చరించి, క్రీ.పూ. 645లో మృతుడయ్యెను. ప్రభువు వారిని వెడలగొట్టెను. పిదప అన్నము రుచింపలేదు. ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు: మంత్రి సలహా చెవిలో నుండును, వంట నాలుకపై నుండును, ఈ రెండింటికి వివాదము వచ్చినచో తీర్పు ఎటుపోవునో వృద్ధులైన గృహస్థులందరు నెరుగుదురు. కొంతకాలమునకు ఈ యాను, తక్కినవారిని మరల పిలిపించెను.

ప్రభువు వ్యాధిగ్రస్తుడు కాగా, అతని పుత్రులు సింహాసనమునకై కలహించుచుండగా, ఈ యాయు షూ ద్యావును ద్వారములు మూసి, ఎత్తైన గోడలు కట్టించి, లోనికెవ్వరిని పోనీయరైరి. గోడ దూకి వచ్చిన యొక స్త్రీని ప్రభువు కొంచెమన్నమో నీరో తెమ్మని యడుగగా, తెచ్చుటకు వీలులేదని ఆమె చెప్పెనట. ఆసియాఖండమున నాడు అత్యుత్తమ పాచకుడనదగినవానిని పోషించిన రాజు ఆకలితో చచ్చెను. శవము అరువదియేడు దినములు పడకపైననే యుండి, పురుగులు తలుపు వెలుపలికి ప్రాకినవని చరిత్రకారుడగు సిమా చియాన్ వ్రాసెను. ఈ యా నిలబెట్టిన రాజకుమారుడు కొద్ది నెలలకే హతుడయ్యెను.

ఇంతచేసిన ఈ యా పేరు చెడిపోయినదా యన, వంటశాలలో చెడలేదు. మానవులందరి నాలుకలును ఒకే తీరువి యని నిరూపించుటకు మెన్షియస్ మహాశయుడు ఈ యానే ప్రమాణముగ స్వీకరించెను. సుమారు రెండువేల సంవత్సరముల తరువాత మింగ్ యుగారంభమున వెలసిన యొక పాకశాస్త్ర గ్రంథము అతని పేరనే వెలువడినది. వంటవారి లోకమున శీలపరీక్ష ఆకు ముందరనే ముగియును కాబోలు.

జ్వాంగ్ రాజు కాగుల బరువడిగిన సంవత్సరమునకు ముందువెనుకల నున్న రెండేండ్లును ఇట్టివే. క్రీ.పూ. 607లో సుంగ్ సేనాని హ్వా యువాన్ యుద్ధమునకు పూర్వము గొఱ్ఱెలను కోయించి సైనికులకు విందుచేసి, తన రథసారథిని మాత్రము మరచెను. మరునాడు సారథి రథమును తిన్నగా శత్రువుల నడుమకు తోలి సేనానిని అప్పగించెను. ఆ యేటనే జిన్ దేశపు లింగ్ ప్రభువు, ఎలుగుబంటి పాదము సరిగ ఉడుకలేదని వంటవానిని చంపించి, శవమును గంపలోనుంచి స్త్రీలచేత సభమీదుగనే మోయించెను. గంపనుండి వ్రేలాడు చేతిని మంత్రులు చూచిరి. ఆ సంవత్సరము ముగియకమునుపే ప్రభువును హతుడయ్యెను. క్రీ.పూ. 605లో జెంగ్ దేశపు ప్రభువు తాబేటి మాంసపు విందునకు జిగోంగ్ అను రాజవంశీయుని పిలిచియు, కావలెనని అతనికి వడ్డింపనీయలేదు. జిగోంగ్ లేచి, కాగులో వ్రేలు ముంచి, నాకి, బయటికి నడచెను. ప్రభువు అతనిని చంపదలచెను గాని, జిగోంగే ముందుగ ప్రభువును చంపించెను. ఎలుగు పాదముతో జ్వాంగ్ రాజు వంశమునకే యొక సంబంధమున్నది: అతని తాత చెంగ్ రాజును క్రీ.పూ. 626లో కన్నకొడుకే ముట్టడింపగా, ఆ వృద్ధుడు ఎలుగు పాదము తిని చత్తునని వేడెను. అది ఉడుకుటకు చాల సేపు పట్టును, అంతలో ఎవరైన రక్షింపవత్తురేమో యని అతని యాశ. కొడుకునకు వంట తెలియకున్నను కాలము విలువ తెలియును, ఒప్పుకొనలేదు. తాత ఉరి వేసికొనెను.

వీరందరు ఆవేశపరులు. వంటను వృత్తివిద్యగ నభ్యసించి హత్యచేసినవాడు జువాన్ జు యొక్కడే. వూ రాజ్యమున గ్వాంగ్ రాజకుమారునకు సింహాసనము కావలసియుండెను. రాజైన ల్యావ్‌కు కాల్చిన చేప ప్రియము. జువాన్ జు తై సరస్సు తీరమునకు పోయి మూడు నెలలు చేప కాల్చుట నేర్చెనని చెప్పుదురు. క్రీ.పూ. 515లో జరిగిన విందునకు రాజు, తన నగరినుండి గ్వాంగ్ ఇంటివరకు సాయుధులను బారులుదీర్చి వచ్చెను. వడ్డించువారు గుమ్మముకడ వస్త్రములు విప్పి మార్చుకొని, ఇరువైపుల కత్తులు ఒంటికి తగులుచుండ మోకాళ్లపై ప్రాకి రావలసియుండెను. రాజాన్నమును ముందుగ అగ్నికిని పక్షులకును పెట్టవలెనని విధించిన మన కౌటిల్యుడు విషమును గూర్చి శంకించెను. ల్యావ్ రాజు కత్తిని గూర్చి శంకించి మనుష్యులనెల్ల శోధింపజేసెను గాని, చేపను శోధింపజేయలేదు. గ్వాంగ్ కాలు నొప్పియని నేలమాళిగలోనికి తప్పుకొనెను. జువాన్ జు పళ్లెముతో వచ్చి, చేప కడుపు చీల్చి, అందలి బాకుతో రాజును పొడిచెను. అంగరక్షకులు అతనిని అక్కడనే నరికిరి.

గ్వాంగ్, హలూ అను పేర రాజై, కృతజ్ఞత మరువక, జువాన్ జు కుమారుని మంత్రులలో నొకనిగ చేసెను.