ఎవరి కడియం?

ఇంగ్లీషులో 'రింగ్' అనేస్తే సరిపోతుంది. తెలుగులో చెప్పాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: వేలికి పెట్టుకునేదా, చేతికి తొడుక్కునేదా? కొన్నేళ్ల క్రితం ఒక సదస్సులో ఉర్సులా లె గ్విన్ ఎర్త్‌సీ నవలల మీద పత్రం చదువుతూ 'ఎరెత్-అక్బె కడియం' అన్నాను. తర్వాత మాట్లాడిన పెద్దమనిషి ఒకాయన "ఆ ఉంగరం గురించి అమ్మాయి బాగా చెప్పింది" అని మొదలుపెట్టి చివరిదాకా ఉంగరం అనే అన్నారు. మహిమ గల వస్తువంటే వీరుడి వేలికి ఉండాల్సిందేనని ఆయన మనసులో స్థిరపడిపోయినట్టుంది. టోల్కీన్ పుణ్యం కావచ్చు. నేను సరిదిద్దలేదు. ఎందుకు ఊరుకున్నానన్నది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఎర్త్‌సీ అంటే సముద్రం నిండా దీవులూ, మాంత్రికులూ, డ్రాగన్లూ ఉన్న ఊహాలోకం. 1968లో మొదటి నవల 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ', 1971లో 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్' వచ్చాయి. ఈ లోకంలో అందరికీ తెలిసిన చరిత్ర ప్రకారం ఎరెత్-అక్బె గొప్ప మాంత్రికుడు. కార్గ్ దేశంలో ఇంతాథిన్ అనే ప్రధాన పూజారితో తలపడి ఓడిపోయాడు. అప్పుడే అతని దగ్గరున్న వెండి కడియం రెండు ముక్కలైంది. దాని మీద చెక్కిన తొమ్మిది మంత్రాక్షరాల్లో ఒకటి సరిగ్గా మధ్యకు విరిగిపోయింది. అది శాంతి అక్షరం. అది లేకుండా ఏ రాజూ సరిగా ఏలలేడు కాబట్టి ఎనిమిది వందల ఏళ్లు హావ్నోర్ సింహాసనం ఖాళీగా ఉండిపోయింది. ఒక ముక్క అటువాన్ సమాధుల ఖజానాకు చేరింది. రెండోది థోరెగ్ అనే రాజు వంశానికి దక్కింది.

ఇదంతా మగవాళ్ల చరిత్రే. తలపడినవాడూ, విరగ్గొట్టినవాడూ, దక్కించుకున్నవాడూ మగవాళ్లే. కానీ ఆ కడియం మగవాడి చేతికి పట్టదు. అది ఆడమనిషి చేతికో, పసిబిడ్డ చేతికో సరిపోయేంత చిన్నది. ఎరెత్-అక్బె కన్నా ఎంతో ముందు అది ఎల్ఫారన్ రాణిదని లె గ్విన్ తర్వాతి పుస్తకాల్లో చెబుతుంది. మోరెడ్ ఆమెకు ఇచ్చిన ప్రేమకానుక అది. అయినా లోకంలో నిలిచింది పోగొట్టుకున్నవాడి పేరే.

మా ఇంట్లో ఒక జత మురుగులున్నాయి. 'తాత మురుగులు' అంటాం. అమ్మమ్మ వాళ్ల తాత చేయించాడట. ఆయన వాటిని ఒక్కరోజు కూడా తొడుక్కుని ఉండడు కదా!

మొదటి నవలలో ఒక ఘట్టం ఉంది. చిన్నప్పుడు చదివినప్పుడు పేజీలు గబగబా తిప్పేశాను. యువకుడైన గెడ్ తన నీడను తరుముతూ, పడవ పగిలి ఒక ఇసుకదిబ్బ మీద పడతాడు. అక్కడ కొట్టుకొచ్చిన చెక్కలతో కట్టిన గుడిసెలో ఒక ముసలివాడూ, ముసలామే ఉంటారు. అన్నాచెల్లెళ్లు. మనుషులను చూసి ఎన్నేళ్లయిందో. వాళ్ల భాష ఇతనికి రాదు, మాట్లాడటమే వాళ్లు దాదాపు మరిచిపోయారు. ముసలివాడు భయపడి దూరంగా ఉంటాడు. ఆమె మాత్రం మెల్లగా దగ్గరికొస్తుంది. ఒకరోజు దాచుకున్న మూట విప్పి ఒక పసిపిల్ల పట్టుగౌను చూపిస్తుంది. దాని మీద ముత్యాలతో కుట్టిన రాజచిహ్నం ఉంటుంది. ఆ తర్వాత విరిగిన వెండి ముక్క ఒకటి అతని చేతిలో పెడుతుంది.

వాళ్లు థోరెగ్ వంశంలో చివరివాళ్లు. ఆ వంశం వల్ల తన రాజ్యం కూలుతుందని భయపడిన ఒక కార్గ్ పాలకుడు, రాజరక్తం చిందిస్తే శాపం తగులుతుందని పిల్లలను చంపకుండా ఆ దిబ్బ మీద వదిలేయించాడు. ఇదంతా రెండో నవలలో తెలుస్తుంది. మొదటి నవల చదివేటప్పుడు గెడ్‌కీ తెలియదు, మనకూ తెలియదు. ముసలిదేదో పిచ్చి ప్రేమతో ఇచ్చింది అనుకుంటాం.

నలభై దగ్గర పడుతుండగా మళ్లీ చదివితే ఆ వరుస చూసి ఆగిపోయాను. ఆమె కడియం ముక్క ముందు ఇవ్వలేదు. ముందు గౌను చూపించింది. నేనెవరో చూడు, ఎక్కడినుంచి వచ్చానో చూడు అని చెప్పాకే వారసత్వాన్ని చేతిలో పెట్టింది. భాష లేకుండా చరిత్ర చెప్పడం కాదూ ఇది? వినేవాడికి అర్థం కాలేదు, అంతే. ఆ ముక్క ఏమిటో చాలా కాలానికి ఒక డ్రాగన్ చెబితే గానీ గెడ్‌కు తెలియలేదు. చాలా విమర్శల్లో ఆ డ్రాగన్ ప్రస్తావన ఉంటుంది, ఈమె ఊసు ఒక వాక్యంలో ముగుస్తుంది. నా సిద్ధాంత గ్రంథంలోనూ అంతే, ఒకే వాక్యం.

ఆమె పేరు అంథిల్. మొదటి నవలలో ఆ పేరు లేదు. రెండో నవలలో సమాధుల దగ్గర థార్ అనే వృద్ధ పూజారిణి కథలు చెబుతూ ఆ పేరు చెబుతుంది. విన్నది ఒక చిన్నపిల్ల. ఒక ఆడమనిషి మరో ఆడపిల్లకు చెప్పిన కథలోనే అంథిల్ పేరు బతికింది.

ఆ చిన్నపిల్ల అర్హా. అయిదేళ్లప్పుడు తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసుకొచ్చి, పేరు తీసేసి, చీకటి దేవతలకు ప్రధాన పూజారిణిని చేశారు. ఆ పేరుకు అర్థం 'మింగబడినది'. మన చెవికి మాత్రం 'అర్హ' అని వినిపించి కలుక్కుమంటుంది, ఎందుకంటే ఆ వ్యవస్థ ఆమెకు చెప్పింది కూడా సరిగ్గా అదే: నువ్వే అర్హురాలివి, నీకే ఈ అధికారం. ఖజానాలోకి ఆమె తప్ప ఎవరూ వెళ్లకూడదు. అందులో ఉన్న రెండో ముక్క విలువ ఆమెకు తెలియదు. ఇద్దరు స్త్రీలు చెరో సగం కాపాడారు, ఇద్దరికీ తాము కాపాడుతున్నదేమిటో ఎవరూ చెప్పలేదు. కాపలా ఆడవాళ్లది, అర్థం మగవాళ్లది.

దాన్ని దొంగిలించడానికి వచ్చి చిట్టడవిలాంటి ఆ సొరంగాల్లో చిక్కుకున్న గెడ్‌ను అర్హా చంపకుండా బతకనిస్తుంది. అతను ఆమె అసలు పేరు టెనార్ అని చెబుతాడు, ముక్కలు రెండూ కలిపి ఆమె చేతికి తొడుగుతాడు. ఇక్కడ నాకు లె గ్విన్‌తో పేచీ ఉంది. పేరు తిరిగి ఇచ్చేదీ, విరిగినదాన్ని అతికించేదీ అతనే ఎందుకు కావాలి? ఒక్కరు లేకుండా ఇంకొకరు బయటపడలేరని నవల చూపిస్తుంది, నిజమే. కానీ మంత్రం మాత్రం అతని చేతిలోనే ఉంది. టెనార్ ఆ కడియంతో హావ్నోర్ చేరుతుంది. తర్వాతి నవలలో శాంతి ఫలించి సింహాసనం మీద ఒక యువరాజు కూర్చుంటాడు. ఆ నవలలో టెనార్ కథలోనే లేదు.

మొదటి మూడు నవలలూ మగవీరుల సంప్రదాయంలోనే రాశానని లె గ్విన్ 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగంలో ఒప్పుకుంది. అప్పటికే 1990లో 'తెహాను' రాసింది. అందులో టెనార్ ఒక రైతు విధవ. పిల్లలు పెరిగిపోయారు. సొంతవాళ్లే నిప్పుల్లో తోసేసిన ఒక పిల్లను పెంచుకుంటూ ఉంటుంది. కడియం ఎక్కడో రాజనగరంలో ఉంది. ఇక్కడ మేకలూ, అంట్లూ, కాలిన చర్మానికి రాసే నూనే. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లుమండింది. అంత శక్తి చేతికి తొడుక్కుని వచ్చిన మనిషిని వంటింట్లో కూర్చోబెడతావా అని. చాలామంది పాఠకులు కూడా నొచ్చుకున్నారు. ఇప్పుడు నా కోపం మారింది. కడియం గురించి ప్రశ్న వేయడానికి ఆ చేయి దాన్ని తీసేసి ఉండాలి కాబోలు. ఆడమనిషి శక్తి అంటే ఏమిటని టెనార్ అడగడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

పోయిన వేసవిలో ఆ ఇసుకదిబ్బ ఘట్టాన్ని తెలుగులోకి అనువదించాను. ఉంగరం అని ఎక్కడా రాయలేదు. రాస్తున్నప్పుడే అమ్మకు ఫోన్ చేసి, తాత మురుగులు మొదట తొడుక్కున్నావిడ పేరేమిటని అడిగాను. "అమ్మమ్మ వాళ్ల మామ్మ కదే" అంది. అది వరస, పేరు కాదు కదమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, "పెద్దమ్మకు తెలుసేమో, అడుగు" అంది.