పటమట: పట్నం అవతల పెట్టినవి

బందరు వైపు నుంచి వచ్చేవాళ్లకు బెజవాడ పటమటతోనే మొదలవుతుంది. ఉయ్యూరు, కంకిపాడు, పెనమలూరు, కానూరు దాటి ఆటోనగర్ గేటు దగ్గరకొచ్చేసరికి బస్సులో సగంమంది సంచులు సర్దుకుని లేచి నిలబడతారు. కండక్టరు ‘ఆటోనగర్’ అని అరుస్తాడు, ‘ఎన్టీఆర్ సర్కిల్’ అని అరుస్తాడు, చివరికి ‘బెంజిసర్కిల్’ అని గట్టిగా అరుస్తాడు. ఈ మూడూ పటమటవే. పటమట అన్న కేక మాత్రం ఈమధ్య పెద్దగా వినపడదు.

1985 దాకా మాది పంచాయతీ. బెజవాడ 1888లో మునిసిపాలిటీ అయింది, 1981లో కార్పొరేషన్ అయింది. ఇంకో నాలుగేళ్లకు గుణదల, భవానీపురం, పటమట పంచాయతీలనూ, పాయకాపురం, కుందావారి కండ్రికలనూ తనలో కలిపేసుకుంది. పన్ను రసీదు మీద పేరు మారింది గానీ మా పెద్దవాళ్ల మాట మారలేదు. వన్‌టౌన్‌కు బట్టలకో బంగారానికో వెళ్తే ఇప్పటికీ ‘ఊళ్లోకి’ వెళ్లొచ్చినట్టే లెక్క. అంటే మేం ఊరవతల ఉన్నట్టేగా!

పల్లె ఆనవాళ్లు వెతకాలంటే వీధుల పేర్లు చదవాలి. పంట కాలువ రోడ్డులో ఇవాళ అటూ ఇటూ అపార్ట్‌మెంట్లు, కర్రీ పాయింట్లు, ట్యూషన్ సెంటర్లు. డొంక రోడ్డులో బండి జాడలు పోయి కార్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని ఉంటాయి. తోటవారి వీధి పేరులో ఇంటిపేరు మిగిలింది. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఈ నేలంతా మాగాణి అయింది. ఆ మాగాణి మీదే ఇప్పుడు మా ఇళ్లు. అందుకే పునాదికి గొయ్యి తీస్తే నల్లరేగడి జిగురు జిగురుగా పారకు అంటుకుంటుంది. మేస్త్రీ ముందు దాన్ని తిట్టుకుని, తర్వాత ఇంకో లారీ ఇసక తెప్పించమంటాడు.

ఈ ఊరి చరిత్రంతా చూస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. పట్నంలో ఇమడనివాటికి, పట్నం పక్కన పెట్టినవాటికి పటమట చోటిచ్చింది. మొదట గోరా కుటుంబం వచ్చింది.

గోరా అంటే గోపరాజు రామచంద్రరావు గారు, వృక్షశాస్త్రం అధ్యాపకులు. నాస్తికత్వం చెబుతున్నారని 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత బందరు హిందూ కాలేజీలోనూ అదే గొడవ. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని పటమటకు తెచ్చారు. అప్పటి పటమట అంటే చుట్టూ పొలాలే. ఆయనా, భార్య సరస్వతి గారూ కలిసి ఆ కేంద్రాన్ని నడిపారు. పిల్లల పేర్లలోనే ఆ ఇంటి సంగతి తెలిసిపోతుంది. ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టినవాడు లవణం. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది పుట్టినవాడు సమరం. స్వాతి వీక్లీలో సెక్స్ సందేహాల శీర్షిక చదివినవాళ్లకు డాక్టరు సమరం గారిని పరిచయం చెయ్యక్కర్లేదు. ఊళ్లో చాలామంది ఆ శీర్షికను ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు చదివి, రోడ్డు మీద ఆయన కనపడితే తల దించుకుని పోయేవాళ్లు. కూతురు చెన్నుపాటి విద్య 1980లోనూ, 1989లోనూ విజయవాడ ఎంపీగా గెలిచారు. పెద్దమ్మాయి మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో సేవాగ్రాంలో పెళ్లి చెయ్యడానికి గాంధీ ఒప్పుకున్నారు. పెళ్లినాటికి ఆయన లేరు. 1948 మార్చిలో అక్కడే పెళ్లి జరిగింది. లవణం గారేమో కవి జాషువా కూతురు హేమలతను చేసుకున్నారు.

పక్కింటివాళ్లుగా మాకు తెలిసింది వేరు. గ్రహణం రోజున ఊరంతా తలుపులు బిడాయించుకుంటే ఆ కేంద్రం వాకిట్లో జనం నిలబడి తింటుంటారు, కడుపుతో ఉన్న ఆడవాళ్లను బయటికి రమ్మంటారు. నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమ ఏమీ లేదు, మీరూ నడవండని పిలుస్తారు. 1972లో ఆవు మాంసం, పంది మాంసం ఒకే పంక్తిలో వడ్డించి స్నేహ విందు పెట్టారు. పటమటలో రామాలయాలున్నాయి, చర్చీలున్నాయి, మసీదులున్నాయి. వాళ్లు చేసేది నచ్చనివాళ్లు బోలెడుమంది. అయినా ఆ కేంద్రం ఇన్నేళ్లుగా పటమటలోనే ఉంది. జబ్బు చేస్తే ఆ డాక్టర్ల దగ్గరికే వెళ్లి, వచ్చేటప్పుడు గుళ్లో కొబ్బరికాయ కొట్టినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. గోరా గారు 1975 జూలై 26న బెజవాడలో సభలో మాట్లాడుతూనే పోయారు. 2002లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది.

తర్వాత షెడ్లు వచ్చాయి. లారీలు బాగుచేసే షెడ్లన్నీ అంతకుముందు టౌన్లోనే ఉండేవి. రోడ్డుకు అడ్డం పడుకోబెట్టిన చాసీలు, సుత్తి మోత, కారే ఆయిలు చూసి టౌను విసిగింది. 1966లో జవహర్ ఆటోనగర్ పేరుతో పటమట అవతల వాళ్లకు జాగా ఏర్పడింది. ఆసియాలోనే పెద్దదని మావాళ్లు రొమ్ము విరుచుకుని చెప్తారు. కొలిచి చూసినవాణ్ణి కాదు గానీ, లోపల దారి తప్పినవాణ్ణి.

దాన్ని దగ్గర నుంచి చూడాలంటే పొద్దున తొమ్మిదింటికి వెళ్లాలి. ఉత్త చాసీ మీద డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండకు కళ్లు చికిలించుకుని లోపలికి వస్తాడు. దానికి తలా లేదు, తొట్టీ లేదు. ఒక షెడ్డులో చెక్కపని, పక్కన వెల్డింగు, దాని పక్కన కమాను కట్టలు విప్పి పట్టీలు మార్చేవాళ్లు, ఆ వెనకాల లేత్ మిషన్లు. చివర పెయింటరు. అతను పని మొదలుపెట్టేముందు ఓనర్ని పిల్లల పేర్లు అడుగుతాడు. వాటిని ముందు అద్దం పైన రాయాలి. దుర్గమ్మ బొమ్మ ఎటువైపు, వెనక తలుపు మీద తామర పువ్వా, నెమలా అన్నది తేలేసరికి రెండు టీలవుతాయి. సామాను ఒక్కటి తక్కువైతే కుర్రాడు సైకిలు మీద వెళ్లి పది నిమిషాల్లో తెస్తాడు. ఏ మోడలు లారీ విప్పినా అందులో పడే బోల్టు ఈ గేటు లోపలే దొరుకుతుందని డ్రైవర్ల నమ్మకం. 2014లో దేవ కట్టా ‘ఆటోనగర్ సూర్య’ తీశాక ఈ పేరు లారీ ఎక్కనివాళ్లకూ తెలిసింది.

రోడ్లు కూడా అలాగే వచ్చాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ కట్టాక మద్రాసు లారీలన్నీ టౌను మీదుగానే పోయేవి. 1995లో కనకదుర్గ వారధి తెరిచాక ఆ బరువంతా పటమట ముంగిట్లో, బెంజిసర్కిల్లో పడింది. మద్రాసు–కలకత్తా రోడ్డు, హైదరాబాదు–బందరు రోడ్డు కలిసే చోటు అది. ఒకప్పుడు అక్కడ బెంజి లారీల కంపెనీ ఉండేదని, ఆ పేరే చౌరస్తాకు అంటుకుపోయిందని అందరూ చెప్పేదే. జై ఆంధ్ర ఉద్యమ నాయకుడు కాకాని వెంకటరత్నం గారి విగ్రహం ఏళ్ల తరబడి అక్కడే ఉండేది. అయినా ఆ సర్కిల్‌ను ఆయన పేరుతో పిలిచినవాడు లేడు. ఫ్లైఓవర్ పనుల్లో విగ్రహం చోటు మారింది. 2020లో ఒక ఫ్లైఓవర్, తర్వాత రెండోది వచ్చాయి. పైన బళ్లు పోతుంటాయి, కింద మేం మాత్రం సిగ్నల్ దగ్గర ఎప్పటిలాగే నిలబడతాం.

ఇక జనం. పామర్రు, మొవ్వ, అవనిగడ్డ, గుడివాడల నుంచి పొలం కౌలుకిచ్చి పిల్లల చదువుకని వచ్చినవాళ్లతో పటమట నిండింది. 1962లో మారిస్ స్టెల్లా, 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీ, ఆపైన లెక్కలేనన్ని ఇంటర్ కాలేజీలు వచ్చాయి. పిల్లలు చదువుకుని అమెరికా వెళ్లారు, పెద్దవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. బియ్యం బస్తా, మినుములు ఇప్పటికీ ఊరి నుంచే రావాలి, కొట్లో బియ్యం వాళ్లకు మింగుడు పడదు. సంక్రాంతికి మా వీధులు బోసిపోతాయి. ఇన్నేళ్లుగా ఇక్కడ కాపురముంటున్నవాణ్ణి ‘మీదేవూరండీ’ అని అడగండి, పటమట అనడు.

2014 తర్వాత రాజధాని ఆఫీసులు దిగి అద్దెలు చుక్కలకెక్కాయి. పటమట సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందు డాక్యుమెంటు రైటర్ల బల్లల చుట్టూ జనం మూగేవారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం, పక్కనున్న కానూరు కృష్ణాజిల్లాలో ఉండిపోయింది. కూరలకు పోయి జిల్లా దాటి వస్తున్నాం.

ఈమధ్య కొత్తగా ఫ్లాట్లు కొన్నవాళ్ల నోట ఒక మాట వింటున్నాను. ఆటోనగర్ మోత భరించలేమని, దాన్ని ఇంకా అవతలికి పంపెయ్యాలని. వినడానికి ఎక్కడో విన్న మాటలాగే ఉంది, అప్పట్లో టౌను అన్నదే ఇది. లారీ క్యాబిన్లు ఇప్పుడు కంపెనీ నుంచే బిగించి వస్తున్నాయి. 2025 మార్చిలో మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ తెరిచింది. బాడీ కట్టే షెడ్లకు ముందులాంటి పని లేదు. వీటి మీద ఇంకా తరలింపు కూడా ఎందుకు? షెడ్లు 1966 నుంచి ఉన్నాయి. మోత ఉంటుందని తెలిసే ఫ్లాటు కొన్నారు, ధర తగ్గించి మరీ కొన్నారు. అసోసియేషన్ మీటింగులో ఆ అర్జీ కాయితం నా దగ్గరికొస్తే సంతకం పెట్టకుండా పక్కవాడికి అందించాను.