తలగాయాల వెంట నలభై ఏళ్లు

తలలోకి బాంబు ముక్క దూసుకెళ్లిన సైనికుణ్ణి బతికించడమే గగనమైన చోట, డాక్టర్ల చేతికి ఫారాలిచ్చి నింపమంటే ఎలా ఉంటుంది? అమెరికా న్యూరాలజిస్టు విలియం కేవ్‌నెస్ ఆ పనే చేయించారు. కొరియా యుద్ధంలో తలకు దెబ్బలు తగిలినవాళ్లకు తర్వాత మూర్ఛలు రావడం ఆయన గమనించారు. ఎవరికి, ఎన్నేళ్లకు వస్తాయో తేలాలంటే దెబ్బ తగిలిన నాటి నుంచే లెక్క ఉండాలి కదా! వియత్నాంలో 1967-70 మధ్య గాయపడినవాళ్ల వివరాలు అలా పోగయ్యాయి. హెలికాప్టర్లు క్షతగాత్రులను త్వరగా ఆపరేషన్ బల్ల మీదికి చేర్చడంతో, పాత యుద్ధాల్లోనైతే చనిపోయేవాళ్లు కూడా ఈసారి బతికి ఇంటికి వెళ్లారు. తొలి దశలో 1,221 మంది రికార్డులు పరిశీలించారు.

అసలు నిధి మాత్రం మరోచోట, సైన్యం బీరువాల్లో ఉంది. సైన్యంలో చేరేటప్పుడు కుర్రాళ్లకు ఒక పరీక్ష పెట్టేవారు: పదాల అర్థాలు, లెక్కలు, ఏ పనికి ఏ పనిముట్టు, మడిస్తే ఏ పెట్టె అవుతుంది వంటి ప్రశ్నలు. ఎవరు ఏ పనికి పనికొస్తారో చూసుకోవడానికి పెట్టిన పరీక్ష అది. పరిశోధన ఊసే లేదు. కానీ మెదడు దెబ్బతినకముందు మనిషి తెలివి ఎంతో చెప్పే కాగితం ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది? 1980లలో ఆండ్రెస్ సలజార్, జోర్డన్ గ్రాఫ్‌మన్ తదితరులు వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి ఆ మాజీ సైనికులను పిలిపించి అదే పరీక్ష మళ్లీ పెట్టారు. పాత మార్కులు, కొత్త మార్కులు పక్కపక్కన పెడితే తేలిందేమిటంటే, గాయం ఎంత పెద్దది, ఎక్కడ తగిలింది అన్నవాటితో పాటు, మనిషికి ముందున్న తెలివి కూడా తర్వాతి స్థితిని గట్టిగా నిర్ణయిస్తుందని. పుర్రె చీల్చిన గాయాలున్నవాళ్లలో సగానికి పైగా మూర్ఛలు వచ్చినట్టూ బయటపడింది.

2003 తర్వాత మళ్లీ పిలిచారు. అప్పటికి ఎమ్మారై వచ్చేసింది కానీ, చాలామంది తలల్లో ఇనుప ముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. అయస్కాంతం దగ్గరికి పంపితే ప్రమాదమని సీటీ స్కాన్‌తోనే సరిపెట్టారు. ఆ విడతలో పరీక్షించిన 199 మందిలో 87 మందికి మూర్ఛలున్నాయి. వాళ్లలో 11 మందికి తొలి మూర్ఛ వచ్చింది గాయమైన పద్నాలుగేళ్లు దాటాక! ఇంతకాలం వెంట ఉండకపోతే ఈ పదకొండు మందీ లెక్కకే వచ్చేవాళ్లు కాదు.

అందుకే, ఇంట్లో ఎవరి తలకైనా ఎప్పుడో పెద్ద దెబ్బ తగిలి ఉంటే, ఆ స్కాన్లూ డిశ్చార్జి కాగితాలూ పాతబడ్డాయని పారేయకండి.